నూరు రూపాయల విస్తరి

*కోనసీమ కాలువగట్ల మీది పాక హోటళ్లలో కడుపునిండ భోజనము ఇంత చౌకగా ఎట్లు దొరకుచున్నది? ఆ చౌకదనమునకు అసలు వెల చెల్లించుచున్నవారెవరు?*

శ్రావణపు మబ్బు కొబ్బరితోటల మీదికి దిగివచ్చి, కురియుటయా మానుటయా యని తేల్చుకొనలేక నిలిచియున్న మధ్యాహ్నవేళ, కోనసీమలోని ఒక పంటకాలువ గట్టు వెంట పోవు సన్నని తారురోడ్డు ప్రక్కన, తాటాకుకప్పు క్రింద రెండు పొయ్యిలు కొబ్బరిమట్టల మంటతో ఎర్రగా వెలుగుచుండగా, మోకాళ్లదాక బురదతో నాట్లచేలనుండి లేచివచ్చిన కూలీలు, ఆడవారు మగవారు కలిసి పదిమందికి పైగా, రేవులో కాళ్లు కడుగుకొని వచ్చి బల్లలమీద సర్దుకొని కూర్చుండిరి. అరటియాకులు పడినవి, ఆకులమీద నీళ్లు పడినవి, అన్నపు బేసిను ఎత్తుకొని వచ్చిన నడివయసు ఇల్లాలు, ఎవరికెంత కావలయునో అడుగక ముందే ఎరిగినదానివలె, ఒకరికి రెండు హస్తములు, ఒకరికి మూడు హస్తములు వడ్డించుచు సాగిపోయినది. వెనుకనే ఆమె భర్త పప్పుచారు గిన్నెతోను, కాలేజీకి సెలవిచ్చినందున ఇంటనున్న కుమారుడు ఆనపకాయ కూరతోను నడిచిరి.

"ఇంకో హస్తం ఏయనా అబ్బాయ్?"

"వద్దు పిన్నీ, మజ్జిగలోకి ఉంచండి."

"ఉంచేదేంటి, అన్నానికి కొదవా ఇక్కడ? తిను, మళ్లీ పొద్దుగూకేదాకా వంగాలి."

భోజనము ముగిసిన పిమ్మట మేస్త్రీ తలగుడ్డ దులుపుకొనుచు, "అందరిదీ కలిపి రాసేయండి పిన్నిగారూ, శనివారం ఇచ్చేత్తాం" అనగా, ఆమె "ఆయ్, రాత్తాలెండి" అని పలికి, గుంజకు దారముతో వ్రేలాడుచున్న నలిగిన పుస్తకములో ఒక గీత గీచినది. వ్యాపారమంతయు ఆ గీతతో ముగిసినది. బిల్లు లేదు, బేరము లేదు, అడిగినంత అన్నమునకు అదనపు రుసుము లేదు. విస్తరి ఒక్కింటికి నూరు రూపాయలకు కొంచెము అటునిటుగా వెల; చేపముక్క కావలయునన్న దానికి వేరుగా కొంత.

వీడియోల వెలుగులో

ఇట్టి హోటళ్లు కోనసీమకు క్రొత్తవి కావు. క్రొత్తది వాని మీద పడిన వెలుగు. యూట్యూబునందును ఇన్‌స్టాగ్రామునందును పల్లెభోజనమును వెదకికొని తిరుగు యువకులు, చేతిలో ఫోను, ముఖమున ఆశ్చర్యము ధరించి, ఒక్కొక్క పాకముందు కారు ఆపి, "ఈ ధరకు ఇన్ని రకాలా!" యని కేక వేసినంతనే, ఆ వచ్చు ఆదివారము రాజమహేంద్రవరమునుండి, కాకినాడనుండి, ఒక్కొక్కప్పుడు హైదరాబాదునుండియు కుటుంబములు బారులుతీరుచున్నవి. నాలుగు బల్లల పాకకు నలుబది మంది వచ్చినచో జరుగునది ఊహింపవచ్చును. వండిన అన్నము చాలదు, కూర పలుచబడును, నిత్యము వచ్చు కూలీ గట్టుమీద నిలువబడి వేచియుండవలసి వచ్చును. కొంతకాలమునకు ధర పెరుగును, బల్లలకు సన్‌మైకా రేకులు వచ్చును, ఖాతాపుస్తకము మాయమగును.

వీడియోలలో ఎల్లరును అడుగు ప్రశ్న "ఎంత?" అన్నదొక్కటే. ఎట్లు అను ప్రశ్నను అడుగువారు కానరారు. ఈ సీమలో అన్నము ఏల చౌకయైనదో, ఆ చౌక ఎవరి చెమటమీద నిలిచినదో విచారించినచో, ఒక విస్తరిలో ఒక పల్లె ఆర్థికవ్యవస్థ మొత్తము పరచుకొని కనిపించును.

సత్రము నుండి పాక వరకు

గోదావరి గౌతమి, వసిష్ఠ, వైనతేయ శాఖలుగా చీలి సముద్రమును చేరు ఈ నడిమి నేల, 1833 ప్రాంతపు ఘోరక్షామమును చవిచూచిన గడ్డ. 1852లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్టను పూర్తిచేయించిన తరువాతనే డెల్టా కాలువలు పారి, ఏటికి రెండు పంటల వరి ఇచటి జీవనమునకు ఆధారమైనది. వరి పండిన చోట అన్నమునకు లోటు లేకపోయినను, నదీపాయలు దాటవలసిన బాటసారికి మాత్రము అన్నము దొరకుట కష్టముగనే యుండెను. పడవ ఎప్పుడు వచ్చునో, గాలి ఎప్పుడు అనుకూలించునో తెలియని కాలమున రేవుల యొద్ద ప్రొద్దులు గడచిపోవుచుండెను.

ఆ కాలముననే లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ, 1841 మొదలు 1909 వరకు జీవించిన ఆ ఇల్లాలు, వేళ కాని వేళ వచ్చినవారికి సైతము, కులము గోత్రము అడుగక, వండి వడ్డించి, అపర అన్నపూర్ణ యని పేరొందినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవ సందర్భమున ఆమె చిత్రపటమును లండనునకు తెప్పించుకొన్న కథ కోనసీమలో పిల్లలకును తెలియును. గన్నవరముకడ వైనతేయ నదిపై కట్టిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి; 2024 నుండి ఆంధ్రప్రదేశ్ బడులలో మధ్యాహ్నభోజన పథకమును ఆమె పేరుమీదనే నడుచుచున్నది. ఆమె పెట్టినది దానము. నేటి పాక హోటలు పెట్టునది విక్రయము. ఐనను, వచ్చినవానిని ఆకలితో పంపరాదను నియమము దానమునుండి విక్రయమునకు సంక్రమించిన తీరు ఈ సీమ హోటళ్లలో స్పష్టముగా కానవచ్చును. అన్నమును కొలిచి పెట్టుట ఇచట ఇప్పటికిని తలవంపుగనే భావింతురు.

వారధులు వచ్చిన పిదప రేవుకడ వేచియుండు పని తగ్గినది. రేవులను నమ్ముకొన్న టీకొట్లు, పాక హోటళ్లు రోడ్ల కూడళ్లకు, కొబ్బరి యార్డులకు, అరటి మార్కెట్లకు తరలివచ్చినవి. రావులపాలెపు అరటి మార్కెట్టులో తెల్లవారకమునుపే గెలలు దిగును. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో ఒలుపు కూలీలు సూర్యోదయముతో పని ప్రారంభింతురు. ఆ వేళకు వేడివేడి ఇడ్డెనలు, పెసరట్టు, అల్లపుచట్నీ సిద్ధముగా నుండవలయును. అంబాజీపేటలోనే పనసాకులను ఈనెపుల్లలతో కుట్టి బుట్టలు చేసి, వానిలో ఇడ్లీపిండి పోసి ఆవిరిపై ఉడికించిన పొట్టిక్కలు లభించును; పనసాకు పరిమళము పిండికెక్కిన ఆ ఫలహారమునకై దూరగ్రామములనుండి వచ్చువారున్నారు.

> పూటకూళ్ల ప్రాచీనత
>
> డబ్బు తీసికొని అన్నము పెట్టు ఆచారము తెలుగునాట ఆధునికము కాదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించు *క్రీడాభిరామము*లో, ఒక రూకకు పలువిధముల వంటకములతో తృప్తిగా భోజనము పెట్టు పూటకూళ్ల ఇంటి ప్రశంస కలదు. తెలుగు సాహిత్యమున "ఇంత వెలకు ఇన్ని రకములు" అని మెచ్చుకొన్న తొలి భోజనాలయ వర్ణనలలో అది యొకటి.
>
> 1897లో అచ్చైన గురజాడ అప్పారావుగారి *కన్యాశుల్కము*లో పూటకూళ్లమ్మ ఒక సజీవపాత్ర. దిక్కులేని స్త్రీకి నాడు గౌరవముగా బ్రతుకుటకు మిగిలిన కొలది మార్గములలో అన్నము వండి అమ్ముట యొకటి యని ఆ పాత్ర సాక్ష్యమిచ్చుచున్నది.

ఎవరు తినుచున్నారు?

పొలముపనికి పోవు కూలీ ఒకప్పుడు చద్దన్నము కట్టుకొని పోయెడివాడు. లేదా పని చేయించుకొన్న రైతు ఇంటనుండి మధ్యాహ్నము కావడిలో అన్నము వచ్చెడిది. ఇప్పుడు ఆ రెండును అరుదైనవి. భార్యాభర్తలిద్దరును వేకువనే వేర్వేరు ఊళ్లకు పనికి పోవుచుండగా ఇంట వండువారెవరు? రైతులలో పెక్కుమంది కౌలుదారులు. భూస్వామి పట్టణమున నుండును. కూలీలకు వండిపెట్టుటకు కౌలురైతుభార్యకు తీరిక లేదు, ఆమెయు చేనిలోనే యుండును. కనుక పని గుత్తకు ఒప్పుకొన్న మేస్త్రీ "పాక దగ్గర తినేద్దాం" అనును, రైతు దానికి సమ్మతించును.

పాకకు వచ్చువారు కూలీలొక్కరే కారు. కొబ్బరిచెట్లెక్కు దింపు కార్మికులు, ఎరువుల లారీ డ్రైవర్లు, చేపలచెరువుల కాపలాదారులు, మండల కార్యాలయమునకు పాసుపుస్తకము పనిమీద వచ్చి సాయంత్రము వరకు చిక్కుబడినవారు, బదిలీపై వచ్చి ఒంటరిగా అద్దెగదిలో నుండు ఉపాధ్యాయుడు, బ్యాంకు గుమస్తా, వీరందరును ఆ బల్లమీదనే ఇముడుదురు.

మరియొక వర్గము కలదు. వారు బల్లమీద కనిపింపరు. కొడుకులు హైదరాబాదున, అమెరికాలో, కోడండ్రు వారివెంట, కూతురు గల్ఫుదేశములో ఇంటిపనికి పోగా, నాలుగుగదుల మండువాయింట మిగిలిన వృద్ధదంపతులు. కీళ్లనొప్పులతో పొయ్యిముందు నిలువలేని ఆమె, ప్రతిదినము పదకొండు గంటలకు నాలుగుగిన్నెల క్యారేజీని పాలేరు చేతికిచ్చి పాకకు పంపును. ఆ క్యారేజీలో హోటలు ఇల్లాలు కారము తగ్గించి వేరుగా తీసియుంచిన కూర, మెత్తగా ఉడికించిన అన్నము పెట్టి పంపును. అట్లు పెట్టవలెనని ఎవరును ఒప్పందము వ్రాసికొనలేదు. "మామ్మగారికి పళ్లు లేవు కదండీ" అన్నదే ఆమె సమాధానము. ఈ క్యారేజీలు లేనిచో కోనసీమలో ఎన్ని పెద్దయిండ్లలో మధ్యాహ్నము విస్తరి పడదో చెప్పజాలము.

చౌక ఎట్లు సాధ్యము?

పట్టణపు హోటలులో విస్తరివెలను పెంచునవి అద్దె, జీతములు, గ్యాసు, వృథా యనెడి నాలుగు ఖర్చులు. పాక హోటలు ఈ నాలుగింటిని నాలుగు విధముల తప్పించుకొనుచున్నది. స్థలము స్వంత పెరటిదో, కాలువగట్టుదో, అద్దె లేదు. వంట, వడ్డన, గిన్నెలు తోముట ఇంటివారివే, జీతములు లేవు. పొయ్యిలోనికి కొబ్బరిమట్టలు, డొక్కలు, చిప్పలు తోటలనుండి కారుచౌకగా వచ్చుచున్నవి. గ్యాసు తిఫినువేళ కాఫీకొరకే వెలుగును. ఇక వృథా మాట: పాకలో పట్టిక యనునది లేదు. ఆ దినమున ఏ కాయ చౌకగా దొరికెనో ఆ కాయయే కూర. బీరకాయలు విరగకాసినపుడు మూడుదినములు వరుసగా బీరకాయయే వచ్చినను ఎవరును ఆక్షేపింపరు, ఏలయన తినువారి యిండ్లలోను ఆ మూడుదినములు అదే కూర. మిగిలిన అన్నము రాత్రి నీళ్లలో పడి మరునాటి చద్దియగును. గంజి, తొక్కలు, మెతుకులు కుడితితొట్టిలోనికి పోయి, పాకవెనుక కట్టిన గేదెకు మేతయై, మజ్జిగరూపమున తిరిగి విస్తరిలోనికే వచ్చును.

బియ్యము విషయమున హోటలువారి నేర్పు ప్రత్యేకముగా చెప్పదగినది. క్రొత్తబియ్యము మెత్తబడి ముద్దయగును, పాతబియ్యము ఒదుగును. కనుక పంట రాగానే కొని, నెలల తరబడి నిలువచేసి వండుట లాభసాటి. మారుటేరు వరి పరిశోధనా స్థానమునుండి 1982లో వెలువడిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, కష్టజీవుల కడుపులో నిలుచు అన్నమని పేరు. బాపట్లనుండి 1986లో వచ్చిన సాంబమసూరి, అనగా బి.పి.టి. 5204, సన్నని రుచికి ప్రసిద్ధము. కూలీలు మొదటిదానిని, కారులో వచ్చువారు రెండవదానిని కోరుదురు. ఒక పాకలో ఏ బియ్యము వండుచున్నారో చూచినచో, వారు ఎవరిని నమ్ముకొని బ్రతుకుచున్నారో తెలిసిపోవును.

> విస్తరిలో రైతు వాటా
>
> 2025-26 ఖరీఫు కాలమునకు సాధారణరకము ధాన్యమునకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతుధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ప్రభుత్వ లెక్కలో క్వింటాలు ధాన్యమునకు 67 కిలోల బియ్యము. శ్రమజీవి ఒక పూట పావుకిలో బియ్యపు అన్నము తినెననుకొన్నను, దానికి కావలసిన ధాన్యము సుమారు 373 గ్రాములు. మద్దతుధర పూర్తిగా ముట్టినను, ఆ ధాన్యమునకు రైతు పొందునది 9 రూపాయలకు లోపే.
>
> అనగా, తాను పండించిన చేనిగట్టుననే కూర్చుండి నూరు రూపాయల విస్తరి తిను రైతునకు, ఆ నూటిలో ధాన్యము వెలగా తిరిగివచ్చునది పదవవంతు సైతము కాదు.

వెల కట్టని చాకిరి

పైని చెప్పిన నాలుగు మినహాయింపులలో అద్దె, ఇంధనము, వృథా యనునవి సీమ ప్రసాదించిన సౌకర్యములు. జీతములు లేవన్నది మాత్రము సౌకర్యము కాదు. ఆ జీతమును ఒకరు వదలుకొనుచున్నారు. వారు స్త్రీలు.

పాక హోటలు ఇల్లాలి దినచర్య వేకువజామున నాలుగు గంటలకు మొదలగును. ముందురాత్రి నానబోసిన పప్పు రుబ్బుట, ఇడ్లీరేకులు పెట్టుట, చట్నీ, తిఫినులు ముగియునప్పటికి తొమ్మిదిన్నర. వెంటనే ఎసరు, కూరగాయలు తరుగుట, చారు, పులుసు. పన్నెండునుండి మూడువరకు వడ్డన. అటుపిమ్మట తన భోజనము, గిన్నెలు, గేదె, మరల రేపటికి పప్పు నానబోయుట. నాట్లకు పోయిన స్త్రీకి సాయంత్రమునకు దినకూలి చేతికి వచ్చును, ఆమె దానిని లెక్కపెట్టుకొనును. ఆ స్త్రీకి అన్నము పెట్టిన ఇల్లాలికి కూలి యనుమాట లేదు. దినాంతమున డబ్బాలో మిగిలినది "ఇంటిది". ఆ మిగులును భార్యాభర్తలిద్దరి పనిగంటలకు పంచిచూచినచో, పెక్కు దినములలో అది ఒక కూలిమనిషి ఆర్జనకన్న తక్కువగనే తేలవచ్చును.

2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వేతనము లేని గృహకృత్యములకు వెచ్చించుచున్నట్లు వెల్లడియైనది. పాక హోటలులో ఈ రెండును, గృహకృత్యము వ్యాపారము, ఒకే పొయ్యిమీద కలిసిపోయి, వ్యాపారమునకు చేసిన పనికూడ గృహకృత్యముగనే చెల్లిపోవుచున్నది. బోర్డుమీద భర్త పేరుండును. లైసెన్సు భర్తపేర నుండును. కూరకు ఉప్పెంత వేయవలయునో, ఎవరికి అరువీయవలయునో, ఎవరికి ఈయరాదో తెలిసినది మాత్రము ఆమెకే. నూరు రూపాయల విస్తరికి మిగిలిన వెల ఎవరు చెల్లించుచున్నారను ప్రశ్నకు ఇదియే సమాధానము.

ఖాతాపుస్తకము

పల్లెలో డబ్బు సంవత్సరమంతయు సమముగా పారదు. సార్వా (ఖరీఫు) కోతలు, దాళ్వా (రబీ) కోతలు ముగిసినపుడు చేతులలో నోట్లు ఆడును. నాట్లకాలమున, వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో, అందరి చేతులును ఖాళీ. కడుపునకు ఈ భేదము తెలియదు గనుక, భేదమును పూడ్చు భారము ఖాతాపుస్తకముమీద పడినది. కౌలురైతు కూలీల భోజనములు వ్రాయించుకొని పంట తరువాత తీర్చును. ధాన్యము సొమ్ము ఆలస్యమైనచో ఆ చెల్లింపును ఆలస్యమగును. కిరాణాకొట్టులో హోటలువారి అరువు అంతమేరకు పెరుగును. పంట తడిసిన యేడు ఒక తుపాను దెబ్బకు రైతు, హోటలు, కొట్టు, వరుసగా మూడు పుస్తకములు మునుగును.

2011 ఖరీఫులో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని, వేలాది ఎకరములలో వరి నాటక పంటవిరామము ప్రకటించిరి. దేశమంతయు ఆ వార్తను రైతు ఆందోళనగా చదివినది. కాని నాట్లు లేనపుడు కూలీలు లేరు; కూలీలు లేనపుడు పాకలో పొయ్యికి పని లేదు. చేనికి పాకకు నడుమ నున్నది ఒక గట్టు మాత్రమే; నష్టమునకు ఆ గట్టు దాటుట ఎంతసేపు?

ఇటీవల పాకగుంజకు ఖాతాపుస్తకముతోపాటు ఫోన్‌పే చీటీ కూడ అతికించియుండుట చూడవచ్చును. 2016లో వచ్చిన యూపీఐ చెల్లింపులకు 2020 నుండి వర్తకులపై రుసుము లేకపోవుటచే చిల్లరబాధ తీరినది. ఐనను, ఫోను ఉన్న సొమ్మును పంపగలదు; లేనినాడు నమ్మకమును పంపలేదు. కాబట్టి చీటీ వచ్చినను పుస్తకము పోలేదు.

> ఋతువును బట్టి విస్తరి
>
> వేసవి: మామిడికాయ పప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, తొలకరికి ముందు చింతచిగురు రొయ్యలు.
>
> వానకాలము: ఆనపకాయ, బీరకాయ, గోంగూర, కాలువచేపల పులుసు. గోదావరి ఎర్రనీటికి ఎదురీదివచ్చు పులస వేలరూపాయల చేప. అది ఈ విస్తళ్లకు రాదు.
>
> శరత్తు, కార్తికము: కంద బచ్చలి, అరటికాయ, కొలది దినములు మాత్రమే దొరకు చీరమీను.
>
> శీతకాలము: వంకాయ, చిక్కుడుకాయ, ముక్కలపులుసు, సంక్రాంతికి ఇంటికి వచ్చిన అల్లుళ్ల మూలమున పాకకు సెలవు.

ఒకే బల్ల

హోటలు చరిత్రలో అన్నము వెల ఒక అధ్యాయమైనచో, అన్నము ప్రక్కన ఎవరు కూర్చుండవచ్చునన్నది మరియొక అధ్యాయము. "బ్రాహ్మణ భోజన హోటలు" అను బోర్డులు పట్టణములలో వ్రేలాడిన కాలమున, మాంసాహారమునకు "మిలిటరీ హోటలు" వేరుగా నుండెడిది. పల్లె టీకొట్లలో దళితులకు వేరుగ్లాసు పెట్టు దురాచారము పెక్కుచోట్ల సాగినది. దుకాణములలోను భోజనశాలలలోను కులమతాదులను బట్టి ఎవరికిని ప్రవేశము నిరాకరింపరాదని రాజ్యాంగపు 15వ అధికరణము శాసించినది; 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది; 1955 నాటి చట్టము దానిని శిక్షార్హనేరము గావించినది. చట్టము శాసించినది బల్లమీదికి వచ్చుటకు దశాబ్దములు పట్టినది.

2022లో ఏర్పడి, డాక్టర్ బి.ఆర్. అంబేద్కరు పేరు ధరించిన ఈ జిల్లాలో, నేడు దళితకుటుంబములు నడుపు పాక హోటళ్లలో అన్ని కులముల కూలీలు, డ్రైవర్లు, ఉద్యోగులు ఒకే బల్లమీద తినుట సాధారణదృశ్యము. ఆకలి, తొందర, తక్కువవెల ఈ మూడును కలిసి సాధించిన ఈ సహపంక్తి సంపూర్ణమని చెప్పుట అతిశయోక్తి యగును. పెండ్లిపందిళ్లలో, ఇండ్లలో ఇంకను గోడలున్నవి. కాని ప్రతిదినము మధ్యాహ్నము రెండుగంటలపాటు ఆ గోడలు లేనిచోటు ఊరికొక్కటి యున్నదన్నమాట చిన్నది కాదు.

ఇతర సీమలలో

పంట మారినచోట విస్తరి మారును, నీతి మారదు. జనవరినుండి మే వరకు గుంటూరు మిర్చియార్డుకు పల్నాడునుండి, ప్రకాశమునుండి మిర్చి టిక్కీలతో (బస్తాలతో) వచ్చి, తూకమునకై రాత్రింబవళ్లు వేచియుండు రైతులకు చుట్టుప్రక్కల మెస్సులే ఇల్లు. అనంతపురము, కర్నూలు పల్లెలలో ఉదయము ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నము రాగిసంగటి ఊరుబిండి. తెలంగాణములో సాయంత్రమైనంతనే రోడ్డుప్రక్క పొయ్యిలు పెట్టి చేతులతో చరచి జొన్నరొట్టెలు కాల్చి యమ్ము స్త్రీలు, వ్యవసాయకూలీనుండి ఇంజనీరువరకు అందరికిని రాత్రిభోజనము సమకూర్చుచున్నారు.

నిజామాబాదు జిల్లా అంకాపూరు వీటిలో విశిష్టము. విత్తనోత్పత్తికి, పసుపు మొక్కజొన్న పంటలకు పేరొందిన ఆ గ్రామమునకు కొనుగోలుదారులు, అధికారులు, శాస్త్రజ్ఞులు వచ్చుచుండగా, వారికి పెట్టిన నాటుకోడి కూరయే క్రమముగా వ్యాపారమైనది. ఇండ్లలోనే వండి, కోడిలెక్కన కూరయు దానితో అన్నమును కలిపి అమ్ముట అచటి పద్ధతి. సేద్యము వర్ధిల్లినచో భోజనశాల దానివెంట వచ్చుననుటకు అంకాపూరు ప్రత్యక్షనిదర్శనము.

> చట్టము చెప్పునది
>
> అన్నము అమ్ము ప్రతి చిన్నహోటలును ఆహారభద్రత, ప్రమాణముల చట్టము (2006) క్రింద నమోదు కావలయును.
>
> వార్షికవిక్రయము 20 లక్షల రూపాయలు దాటని చిన్న హోటళ్లకు జీఎస్టీ నమోదు అవసరము లేదు. 2017 నవంబరు నుండి సామాన్య భోజనశాలలపై పన్ను 5 శాతము.
>
> ఇంటివాడుకకు ఇచ్చు 14.2 కిలోల గ్యాసుబండను హోటలులో వాడరాదు. వాణిజ్యమునకు 19 కిలోల బండ వేరుగా కలదు.

ముసురుచున్న కష్టములు

వాణిజ్యపు గ్యాసుబండ ధర నెలనెలకు మారును. పట్టణపు హోటలు ఆ మార్పును మరునాడే పట్టికలో వ్రాయును, పాక హోటలు ఆరునెలలు వెనుకాడును, ఏలయన పది రూపాయలు పెంచిననాడు మేస్త్రీ తన జట్టును ముందున్న పాకకు తీసికొనిపోవును. ఇక కోతయంత్రము. పదిమంది కూలీలు దినములతరబడి కోయు చేనిని అది గంటలలో ముగించును. రైతునకు మేలే, కాని కోతలకాలమున కళకళలాడవలసిన బల్లలు యంత్రము నడుపువానితోను సహాయకునితోను సరిపెట్టుకొనుచున్నవి. రహదారి విస్తరణలో గట్టుపాకలు మొదట లేచిపోవును. వానికి పట్టా లేదు గనుక పరిహారమును లేదు. కూడళ్లలో బిర్యానీ పాయింట్లు, ఫాస్టుఫుడ్డు బండ్లు యువకులను ఆకర్షించుచున్నవి. అన్నిటికన్న పెద్దచిక్కు వారసత్వము: అమ్మ నాలుగుగంటలకు లేచుట చూచి పెరిగిన పిల్లలలో ఆ పొయ్యికడ నిలువదలచినవారు అరుదు, వారిని నిందించుటకును వీలులేదు.

చేయదగినది

5 రూపాయల భోజనము పెట్టు అన్న క్యాంటీనులు 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న మరల తెరచుకొన్నవి. అవి ప్రధానముగా పట్టణములకు ఉద్దేశింపబడినవి. వీధివ్యాపారులకు 2020లో వచ్చిన స్వనిధి రుణములును పట్టణదృష్టితో రూపొందినవే. పల్లె పాక హోటలుకు అట్టి 5 రూపాయల భోజనశాల పోటీ అక్కరలేదు; దానికి కావలసినది చిన్నపెట్టుబడి. 2015నుండి అమలులోనున్న ముద్రా పథకమున "శిశు" విభాగము క్రింద 50,000 రూపాయలవరకు హామీ లేని రుణము లభింపవచ్చును. డ్వాక్రా సంఘములద్వారా అంతకన్న సులభముగా అందవచ్చును. ఆ రుణముతో ఒక గ్రైండరు, పొగలేని పొయ్యి, మంచినీటి ఫిల్టరు వచ్చినచో ఇల్లాలి పని గంటకు పైగా తగ్గును, ఆమె ఊపిరితిత్తులకు పొగబాధ తప్పును. ఐతే ఆ రుణమును, లైసెన్సును ఆమె పేరనే ఈయవలయును. అధికారులకు ఇది కష్టమైన పని కాదు. దరఖాస్తులో పేరు గడి ఒక్కటి మార్చవలసియున్నది.

పంచాయతీలకు మరియొక బాధ్యత కలదు. రోడ్డు వెడల్పు చేయునపుడు కొబ్బరియార్డు, అరటిమార్కెట్టు, బస్సుస్టాండు చెంత ఈ పాకలకు కొన్ని గజముల చోటు, ఒక కుళాయి, ఒక మురుగుకాలువ ముందుగనే గుర్తింపవలయును. ఎరువుల గిడ్డంగివలె, పాలకేంద్రమువలె, కూలీకి అన్నము దొరకు చోటుకూడ వ్యవసాయమునకు కావలసిన వసతియే.

ఇక పాఠకులకు ఒక మాట. సెలవుదినమున పల్లెభోజనమునకు పోదలచినచో తప్పక పొండు. కాని కూలీలు తిను పన్నెండునుండి ఒంటిగంటవరకు బల్లలు వారికి విడిచిపెట్టి, ఆ పిదప కూర్చుండుడు. పదిమందికి మించి పోవునపుడు ముందునాడే ఫోనుచేసి చెప్పుడు. ఆ దినమున వండినదే తినుడు. వీడియో తీయుటకు ముందు వండిన ఆమె అనుమతి అడుగుడు. వెల చెప్పినంతనే "ఇంత చౌకా!" యని ఆశ్చర్యపడి, చిల్లర పది రూపాయలు వెనుకకు తీసికొనకుడు. నూరు అన్నచోట నూటయిరువది యిచ్చినను మీకు నష్టము లేదు. ఆ యిరువది రూపాయలు, నేటివరకు ఎవరును కట్టని ఆమె కూలిలో తొలివాయిదా యగును.